ఎర్రదీపం నాకొక్కదానికే

మా దళంలో విమానం నడిపేవాళ్ళందరికీ పొద్దున్నే ఒక పరీక్ష ఉంటుంది. అరచేతిలో పట్టే పెట్టె, దానికో తెర. తెర మీద చుక్క కనపడగానే బొటనవేలితో మీట నొక్కాలి. మనిషి ఎంత అలిసిపోతే వేలు అంత ఆలస్యంగా కదులుతుంది. సెలవు నుంచి తిరిగొచ్చిన రోజు, ఒళ్ళు హాయిగా ఉన్నప్పుడు, ఎవరెంత వేగంగా నొక్కారో పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత రోజూ దాంతోనే పోల్చి చూస్తుంది. తేడా పెద్దగా లేకపోతే పచ్చదీపం. ఉంటే ఎర్రదీపం, ఆ రోజుకి నేల మీదే.

మంచి ఏర్పాటే. మావాళ్ళే దాన్ని భ్రష్టు పట్టించారు. సెలవు నుంచి రాగానే కావాలని నత్తలా నొక్కుతారు. ఇక ఎంత నిద్రమొహంతో వచ్చినా పచ్చదీపమే. సీనియర్లు జూనియర్లకి నేర్పే మొదటి విద్య ఇది. నాకూ చెప్పారు. నేను వింటానా? చేతనైనంత వేగంగా నొక్కి పారేశాను. "అక్కా, నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు" అన్నాడు నా పక్క సీట్లో కూర్చునే కోపైలట్. నోరు మూత పడదు కాబట్టి వాణ్ణి అందరం రేడియో అంటాం.

ఈ మధ్య కొండ మీది శిబిరానికి రోడ్డు కొట్టుకుపోయింది. సరుకులూ మనుషులూ అన్నీ మా విమానాల్లోనే. రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతున్నామో లెక్కపెట్టడం మానేశాం. ఒళ్ళు హూనమైపోయింది. నిన్న దిగేటప్పుడు టవర్ వాళ్ళు ఎత్తు తగ్గించొద్దన్నారు. రేడియో "సరే, బాగానే ఉన్నాం" అన్నాడు, నేను తలూపాను, ఇద్దరం కలిసి తగ్గిస్తూనే ఉన్నాం. వాళ్ళు మళ్ళీ అరిస్తే గానీ తెలివి రాలేదు. అప్పటికి కిటికీ నిండా కొండే. వెనకాల విమానం నిండా జనం.

ఇవాళ పెట్టె దగ్గర వరస పెద్దగా ఉందని, ముందు మెకానిక్ దగ్గర విమానం నా పేరున సంతకం చేసి తీసుకున్నాను. కెప్టెన్ ఒకసారి తీసుకుంటే, మళ్ళీ ఆ కెప్టెనే సంతకం పెట్టి అప్పజెప్పేదాకా దాన్ని ఇంకెవరూ కదపకూడదు. తర్వాత వచ్చి మీట నొక్కాను. ఎర్రదీపం.

మా కమాండర్ ఒంటికాలి మీద లేచాడు. "చూడమ్మా, అందరికీ పచ్చదీపం వస్తుంటే నీకొక్కదానికే ఏమొచ్చింది? ఇంట్లో ఏమన్నా గొడవా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "గొడవ పడ్డానికి ఇంటికెళ్ళిందెప్పుడు సార్? మా ఆయన నా మొహం కూడా మర్చిపోయుంటాడు."

ఆయన నవ్వలేదు. గొంతు తగ్గించి, "నీ పాత కొలత తీసేయిస్తాను. ఇప్పుడు మళ్ళీ నొక్కు. ఇవాళ్టిదే నీ కొలత అవుతుంది. పీడా వదిలిపోతుంది" అన్నాడు.

ఎంత తేలిగ్గా అన్నాడో. కళ్ళు మండుతూ, మాట తడబడుతూ ఉండటమే నా ఆరోగ్యమని ఒప్పుకోవాలట.

"నొక్కను సార్."

"అయితే బయట ఎండలో కూర్చున్నవాళ్ళకి నువ్వే చెప్పుకో."

వెళ్ళి చెప్పాను. శిబిరంలో ఉన్నవాళ్ళని దింపి, వాళ్ళ బదులు కాపలా కాయడానికి వెళ్ళే జవాన్లు వాళ్ళు. "మేడమ్‌గారికి నిద్రొస్తోందట, పక్క వెయ్యండ్రా" అన్నాడొకడు. ఇంకొకడు లేచి, "మా అన్న పైనున్నాడు మేడమ్. కూతురు పుడితే ఇంకా మొహం చూళ్ళేదు" అన్నాడు. "మీ అన్న ఆ మొహం చూడాలనే నేను ఎక్కనంటున్నాను బాబూ" అని లోపలికొచ్చేశాను.

కమాండర్ బల్ల మీద కాయితం నా వైపు తోశాడు. "విమానం అప్పజెప్పు. రేడియో కెప్టెన్‌గా వెళ్తాడు. వాడికి పచ్చదీపమే. పక్కన నేను కూర్చుంటా."

"మీరు మీట నొక్కారా సార్?"

"నన్నే అడుగుతున్నావా?"

"మిమ్మల్నే. సంతకం పెట్టను."

"పెట్టకపోతే రేపట్నుంచి నువ్వు కెప్టెన్‌వి కాదు. ఆఫీసులో ఫైళ్ళు మోసుకుంటావు."

కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు నాకెవరూ పళ్ళెంలో పెట్టి ఇవ్వలేదు. దాని కోసం పడరాని పాట్లు పడ్డాను. పోతుందంటే ఏడుపొచ్చింది, ఆయన ముందు ఏడవడం ఇష్టంలేక పళ్ళు బిగబట్టాను.

"నువ్వు చెప్పరా రేడియో, నీకేం ఇబ్బంది లేదు కదా?" అంటూ కమాండర్ వెనక గోడవారగా కూర్చున్న వాడివైపు తిరిగాడు.

రేడియో కుర్చీలో గడ్డం ఛాతీకి ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. చేతిలో పెట్టె అలాగే ఉంది, పచ్చదీపం వెలుగుతోంది.

కమాండర్ వాడి భుజం పట్టి కుదపబోయాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"లేపకండి సార్. లేపితే బాగానే ఉన్నానంటాడు. నిన్న టవర్‌కీ అదే చెప్పాడు."

ఆయన చెయ్యి దించాడు. తర్వాత నాకేసి చూసి, "దీనికి నీ కెప్టెన్ పదవి పోతుంది, గుర్తుపెట్టుకో" అన్నాడు.

"పోతే రేపు పోతుంది సార్. ఇవాళ విమానం నా పేరునే ఉంది."

కాయితం మడిచి జేబులో పెట్టుకుని, రేడియో పక్కన కూర్చున్నాను.