కుర్చీ పక్కన చీటీ

అయినా చీటీ బొమ్మకి కుడివైపే అంటించాలని ఏ శాస్త్రంలో రాసి ఉంది, నాకెవరైనా చెప్పి చచ్చారా, బొమ్మలన్నీ నేనే గోడకెక్కించి, పేర్లు నేనే రాసి, ప్రతి చీటీ బొమ్మకి ఎడమ పక్కన ఎంతో పొందికగా అంటించి గుమ్మంలో నిలబడ్డాను, తీరా వచ్చినవాళ్లంతా బొమ్మ చూసి, దాని కుడివైపున్న పేరు చదివారు, అంటే పక్కబొమ్మ పేరు, దాంతో నా మొదటి సొంత ప్రదర్శనలో ఒక్క బొమ్మకీ దాని పేరు దక్కలేదు, నోరు తెరుచుకుని నిద్రపోతున్న చిన్నత్త పాత కుర్చీ అయింది, పాత కుర్చీ మా నాన్న అయింది, రెండేళ్లు నా ప్రాణం తోడేసిన మా నాన్న బొమ్మేమో అద్దెకు ఇవ్వబడును అయింది, అది ఆ పక్కనున్న ఖాళీ గది బొమ్మ పేరు.

చిన్నత్త చదివింది, కళ్లద్దాలు ఎత్తి మళ్లీ చదివింది, ఏమే, నీ కంటికి నేను పాత కుర్చీలా కనబడుతున్నానా అని హాలంతా వినబడేలా అడిగింది, అది కాదత్తా అనేలోపు పత్రికలో విమర్శలు రాసే పెద్దమనిషి నన్ను పక్కకి పిలిచి, మనిషి మొహానికి అద్దెకు ఇవ్వబడును అని పేరు పెట్టారు, ఏం తెగువండీ, లోపల ఎవరూ లేరన్నమాట, అన్నాడు, నేను సిగ్గు లేకుండా అవునండీ అని తలూపాను, కొత్త చెప్పు మడమ కొరికేస్తోంది, నా కళ్లు మాత్రం నాన్న మీదే, ఎవరేమనుకున్నా ఫర్వాలేదు, ఆ బొమ్మ ముందు ఆయన ఆగి ఇది నేనే అనుకుంటే చాలు, ఈ హాలూ ఈ ఆర్భాటమూ అందుకే, మీ అమ్మాయి ఏం చేస్తోంది అని ఎవరడిగినా ఏవో రంగులు పూస్తుందండీ అనేవాడు, బస్సు కండక్టరుగా జీవితమంతా నిలబడి పనిచేసిన మనిషికి కూర్చుని చేసేది పనెలా అవుతుంది.

ఆయన కుర్చీ బొమ్మ ముందు ఆగిపోయాడు, చేతులు వెనక్కి కట్టుకుని, బస్సు ఇంకా కదులుతున్నట్టు కాళ్లు కాస్త ఎడంగా పెట్టుకుని, అది నేను ఒక పొద్దున మిగిలిన రంగులు పారేయబుద్ధికాక వేసింది, నాన్నా, ఇటు చూడు, అన్నాను, పక్కకి చూశాడు, ఎవరమ్మా ఈయన, మీ పెద్ద మామయ్యలా ఉన్నాడు, ఇల్లు అద్దెకిస్తున్నాడా, అన్నాడు, నా రెండేళ్లూ మట్టిలో కలిశాయి, ఆయన మళ్లీ కుర్చీ వైపు తిరిగి, చీటీ పైకే చదివాడు, మా నాన్న, అని, కాలి కింద అట్టముక్క కూడా వేశావే, ఇదిగో ఈ చెయ్యి దగ్గర రంగు పోయింది, టిక్కెట్ల సంచి ఇక్కడే కదా తగిలించేవాణ్ణి, ఇదంతా ఎప్పుడు చూశావమ్మా, అని ఇటు తిరిగి, ఇంతకీ కాఫీ ఎక్కడిస్తున్నారు అని అడిగాడు.

ఇప్పుడు అందరూ వెళ్లిపోయారు, హాలు చూసుకునే ఆయన తాళాలు ఆడిస్తూ అయిందా మేడమ్ అంటున్నాడు, ఒక్క నిమిషమండీ, చీటీలు గోరుతో లేపి కుడివైపుకి మారుస్తున్నాను, ముందు చిన్నత్తది, రేపు మళ్లీ వచ్చి చూస్తానని బెదిరించి వెళ్లింది, తర్వాత కుర్చీ, మా నాన్న అన్న చీటీ అంచు లేచింది, చెయ్యి ఆగిపోయింది, ఆ పక్కన పెద్దబొమ్మలో ఇస్త్రీ చొక్కా, కదలకు నాన్నా కదలకు అని నేను బిగించి కూర్చోబెట్టిన మెడ, అచ్చం పెద్ద మామయ్యే, ఆయన అన్నదాంట్లో తప్పేముంది, రెండేళ్లూ నేను నాన్నని చూడలేదు, నాకు రాబోయే పేరుని చూశాను, చిన్నప్పుడు ఆయన డ్యూటీ దిగి వచ్చి ఆ కుర్చీలో కూలబడి బూట్లు విప్పుకుంటుంటే నేలమీద బోర్లా పడుకుని చూసిందంతా, ఎవరూ ఎవర్నీ కదలొద్దనకుండానే, ఆ పొద్దున చేతిలోంచి వచ్చేసింది, నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది, వస్తున్నానండీ, ఆ పక్కాయన ఎవరో రేపు కనుక్కుందాం, లేచిన అంచుని బొటనవేలితో గట్టిగా అదిమేశాను, ఈ హాలు మొత్తంలో నేను సరిగ్గా అంటించిన చీటీ ఇదొక్కటే.