నెమ్మదిగా వచ్చిన బండి

లోవలక్ష్మి ఎవరినీ నమ్మదు. ఇది ఎవరో గిట్టనివాళ్లు వేసిన నింద కాదు, ఆవిడే గర్వంగా చెప్పుకునే మాట. నెయ్యి కొంటే ముంజేతి మీద రాసుకుని, కాసేపు ఆగి, వాసన చూసి గాని డబ్బు తియ్యదు. అలాంటి మనిషి పాత కారు కొనడానికి బయలుదేరితే అమ్మేవాళ్ల గతి ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఆత్రేయపురంలో ఆవిడది పూతరేకుల వ్యాపారం. ర్యాలిలో పుట్టింటి దగ్గర, తల్లి తలుపులమ్మ నేర్పిన పని. రాజమండ్రిలో ఒక పెద్ద మిఠాయి కొట్టువాళ్లు రోజూ సరుకు కావాలన్నారు. పెళ్లిళ్లకి పంపడానికి. కాని పూతరేకంటే ఏమిటి? ఊదితే ఎగిరిపోయే బియ్యప్పొర. బస్సులో ఎవరైనా మోచెయ్యి ఆనించారంటే పెట్టె తెరిచేసరికి పొడి మిగులుతుంది. ఆటోలో అయితే ఆ పొడి కూడా మిగలదు. "ఇంకోసారి ఇలా వస్తే మరి వద్దులెండి, ఏమనుకోకండి" అన్నాడు కొట్టు యజమాని, మెత్తగా. మెత్తగా అన్నవాడే నిజంగా మానేస్తాడని ఆవిడకి తెలుసు. అందుకని వెనక పెట్టెలు పరుచుకోవడానికి పొడుగ్గా చోటుండే కారు కావాలి. జీపులా ఎగరకూడదు. డీజిలుది అయి తీరాలి, లేకపోతే లాభమంతా పెట్రోలు బంకువాడికే పోతుంది. అదంతా చేతిలో ఉన్న చీటీ డబ్బులోనే కుదరాలి.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. వేసవి అంతా ఆవిడ కార్లు చూసింది. అమలాపురంలో చూసిన బండి తుఫాను నీళ్లలో మునిగి తేలిందని సీటు కింద ఒండ్రుమట్టి చూసి పట్టేసింది. భీమవరం బండిలో రొయ్యపిల్లల్ని మోశారు. ఉప్పునీళ్లు కారి కారి అడుగురేకు అప్పడంలా విరుగుతోంది. సామర్లకోటలో ఒకాయన, చల్లగా ఉంటే బండి అందుకోదని, ఆవిడ వచ్చేలోపే ఇంజను వేడిచేసి ఉంచాడు. ఆవిడ బానెట్ మీద చెయ్యి వేసి, "జ్వరం తగ్గాక కబురు పెట్టండి" అని వెనక్కి తిరిగింది.

ఈ తిరుగుడంతటిలో భర్త బంగార్రాజు సంచీ మోశాడే గాని నోరు విప్పలేదు. అలాంటివాడు ఒక పొద్దున్న కాఫీ గ్లాసులోకి చూస్తూ, "రాజమండ్రిలో టాటా ఎస్టేట్ కారు ఒకటి అమ్మకానికుందటే. మంచి మనిషి" అన్నాడు.

బండి మంచిదంటే అర్థం ఉంది. మనిషి మంచివాడని ముందే చెప్పడమేమిటి?

"ఎంతంటున్నాడేంటి?"

చెప్పాడు. ఆవిడ అనుకున్నదానికంటే బాగా తక్కువ.

"అంత తక్కువకెందుకిస్తాడండీ? మీకెవరు చెప్పారసలు?"

"ఎవరో అన్నార్లే" అని బంగార్రాజు గ్లాసు కడగడానికి లేచాడు. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన తన గ్లాసు తాను కడుక్కున్న రోజు లేదు. లోవలక్ష్మికి అనుమానం అక్కడే పట్టుకుంది. కమీషన్ ఏదో ఉందనుకుంది.

అమ్మేవాడి పేరు ఆశీర్వాదం. రాజమండ్రిలో లూథరన్ చర్చి వెనక సందులో ఇల్లు. ఏళ్ల తరబడి టాక్సీ తోలినవాడు, యాభై దాటాయి. ఆయనా బంగార్రాజూ ఒకరినొకరు చూసుకుని వెంటనే చూపులు తిప్పుకోవడం ఆవిడ కంటపడింది.

మెరూన్ రంగు బండి వాకిట్లో ఉంది. బానెట్ చల్లగానే ఉంది. ఆశీర్వాదం తాళం తిప్పి, హీటరు లైటు ఆరేదాకా ఆగి మళ్లీ తిప్పగానే ఇంజను అందుకుంది. నల్లపొగ ఒక్కసారి వచ్చి తేలిపోయింది. ఆవిడ మ్యాట్లు ఎత్తింది. ఒండ్రు లేదు. సీటు కిందికి చెయ్యి పోనిచ్చి తడిమింది. తుప్పు లేదు. అన్నీ బాగుండేసరికి ఆవిడకి అసలు భయం మొదలైంది. తలుపు అంచున రబ్బరు ఊడదీసి చూస్తే లోపల తెల్లరంగు కనిపించింది.

"యాక్సిడెంటయిందా?"

"లేదండీ అమ్మా. ఒక్క సొట్ట కూడా పడలేదు."

"మరి రంగెందుకు మార్చారు?"

"మార్చాలనిపించిందండి" అన్నాడు ఆశీర్వాదం, నేలచూపులు చూస్తూ.

"బాగానే ఉంది కదే, తీసేసుకుందాం" అని బంగార్రాజు తొందరపెట్టాడు. ఆ తొందరతో ఆవిడ అనుమానం రెట్టింపయింది. సంచీలోంచి ఒక పళ్లెం తీసింది. అందులో పంచదార, నెయ్యి ఏమీ పెట్టని ఉత్త రేకులు. రేకుల పని చేసేవాళ్లకి తెలుసు, రేకు తన పక్కన ఏముంటే ఆ వాసన పీల్చేస్తుంది. ఆవకాయ జాడీ ఉన్న గదిలో ఒక పూట ఉంచితే మరి నోట పెట్టుకోలేం. పళ్లేన్ని బండి వెనక భాగంలో పెట్టి, అద్దాలన్నీ బిగించి, తాళం తన కొంగుకి ముడేసుకుని అరుగు మీద కూర్చుంది. పైన ఎండ మండిపోతోంది.

"అదెందుకే ఇప్పుడు?" అన్నాడు బంగార్రాజు. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

ఎండ కాస్త వాలాక తలుపు తీసి ఒక రేకు తుంచి నాలిక మీద వేసుకుంది. రొయ్య కాదు. డీజిలు కాదు. ఫినాయిలు. ఆసుపత్రి వరండాలో కూర్చుంటే వచ్చే వాసన.

"ఇందులో శవాల్ని మోశారు కదూ?"

"రోగుల్నండి. ఈమధ్యంతా ఆసుపత్రి బేరాలే. పాపం, వాంతులవీ చేసుకుంటారు, నేనే కడుగుతాను."

"శవాల సంగతి అడుగుతున్నాను."

ఆశీర్వాదం బంగార్రాజు వైపు చూశాడు. "ఒక్కటేనండి. ఒకే ఒక్కసారి."

లోవలక్ష్మి ఒంటికాలి మీద లేచింది. "పెళ్లిళ్లకెళ్లే సరుకండీ నాది! శవం పడుకున్న చోట పెట్టి పంపమంటారా? రంగు పూసి అంటగడదామనుకున్నారా? ఎవరి శవం అది? చెప్పండి, ఎవరిది?"

"చెప్పెయ్యమంటారా రాజుగారూ?" అన్నాడాయన. బంగార్రాజు అరుగు మీద కూలబడి తల వంచుకున్నాడు.

"మీ అమ్మగారిదేనండి."

మూడేళ్ల కిందటి మాట. ఇంక లాభం లేదు, తలుపులమ్మని ఇంటికి తీసుకుపోండని రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టర్లు చెప్పాక లోవలక్ష్మి ముందు బస్సెక్కి ర్యాలి వెళ్లింది, ఇల్లు సర్ది పక్క వెయ్యడానికి. బంగార్రాజు టాక్సీ మాట్లాడి అత్తగారిని వెనక పడుకోబెట్టాడు. ఆసుపత్రి గేటు దాటుతుండగానే ఆవిడ పోయింది. శవమని తెలిస్తే ఏ టాక్సీవాడూ కదలడు, ఆ బండి మళ్లీ పెళ్లివారి ముఖం చూడదు. అందుకని అందరూ చేసే పనే బంగార్రాజూ చేశాడు. సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని, "ఇంకెంతసేపు అత్తయ్యా, వచ్చేశాం" అని దారిపొడుగునా మాట్లాడుతూ కూర్చున్నాడు.

"సీసాలో చుక్క పడట్లేదండి" అన్నాడు ఆశీర్వాదం. "ధవళేశ్వరం రాకుండానే అద్దంలో చూశాను. రాజుగారు మాట్లాడుతూనే ఉన్నారు. దిగిపొమ్మంటే ఆ తల్లిని పట్టుకుని ఎక్కడికి పోతారండీ? ఆనకట్ట రోడ్డంతా గోతులు, ఆవిడ తల కదిలిపోతోంది. అందుకని నెమ్మదిగా తోలుకుంటూ వచ్చానండి."

నెమ్మదిగా.

ఆవేళ తల్లిని లోపలికి చేర్చి, ఏడ్చి, బయటికి వచ్చేసరికి టాక్సీ లేదు. దారిలో పోయిందన్నాడు భర్త. ఆ పదిరోజులూ పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లతో ఆవిడ చెప్పింది ఒకటే మాట. ఆ తెల్ల టాక్సీవాడు ఎడ్లబండిలా ఈడ్చుకొచ్చాడు, కాస్త వేగంగా తోలితే మా అమ్మ నా చేతుల్లో పోయేది, ఎక్కువ డబ్బు గుంజడానికి కావాలనే ఆలస్యం చేశాడు. బండిని చూసినవాళ్లు దాని ఆనవాళ్లు చెప్పారు. మాట గోదారి లంక ఊళ్లన్నీ తిరిగింది. బండికి రంగు మార్చినా పెళ్లి బేరాలు ఆగిపోయాయి. చివరికి రోగులు మిగిలారు.

"మీరెందుకు చెప్పలేదండీ నాకు?" అంది భర్తతో.

"గేటు దగ్గరే పోయిందంటే, ఎందుకు బస్సెక్కానా అని బతికినంతకాలం ఏడుస్తావే. నువ్వాయన్ని తిడుతుంటే నాకు నోరు రాలేదు. బండి అమ్ముతున్నాడని తెలిశాక మాత్రం ఉండబట్టలేదు."

ఆవిడకి సిగ్గేసింది. ఒళ్లంతా కుంచించుకుపోయేంత సిగ్గు. తల్లికి చివరి దారిలో ఒక్క కుదుపు తగలకుండా చూసిన మనిషి కూడు తన నోటితోనే పడగొట్టింది. "క్షమించండి అన్నయ్యగారూ" అంది. ఆయన చెప్పిన ధరలో ఒక్క రూపాయి తగ్గించమనకుండా చేతిలో పెట్టింది. బేరం ఆడకుండా ఆవిడ కొన్న మొదటి వస్తువు ఆ బండే.

ఆనకట్ట దాటాక, బండి తోలుతున్న భర్తతో, "ముందు ర్యాలి పోనివ్వండి" అంది.

బంగార్రాజు బెదిరిపోయాడు. "ఊరికి తెలిస్తే కొట్టువాళ్లకీ తెలుస్తుందే. నీ సరుకు ముట్టుకుంటారా?"

"తెలిస్తే తెలియనివ్వండి. అన్నది నేను, దిద్దుకోవలసిందీ నేనే."

ర్యాలిలో పుట్టింటి ముందు బండి ఆగగానే ఎదురింటి సూరమ్మ వచ్చింది, వెనకే మరో నలుగురు ఆడవాళ్లు. లోవలక్ష్మి వీధిలోనే నిలబడి అంతా చెప్పింది. అమ్మ గేటు దగ్గరే పోయిందని, డ్రైవరు తప్పేమీ లేదని, తెలిసి కూడా అమ్మని జాగ్రత్తగా తెచ్చి ఇంటికి చేర్చాడని, తనే అన్యాయంగా నోరు పారేసుకుందని. చెబుతూ ఏడ్చింది కూడా.

సూరమ్మ అంతా విని బండి చుట్టూ ఒకసారి తిరిగింది. వేలితో రంగు మీద గీరి చూసింది.

"ఆ బండేనా ఇది? ఎవరు కొన్నారేంటే?"

"మేమే కొన్నాం పిన్నీ, ఇవాళే."

"అదీ సంగతి!" అంది సూరమ్మ, మిగతావాళ్ల వైపు తిరిగి. "మూడేళ్లూ వాణ్ని దుమ్మెత్తిపోసి, బండి నీదయ్యేసరికి వాడు ధర్మాత్ముడైపోయాడు. పెళ్లిళ్లకి పంపుకోవాలి కదా మరి."

ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు.

"అమ్మ మీద ఒట్టు పిన్నీ!"

"పోయినావిడ మీద ఒట్టేస్తే ఇంక పొయ్యేదేముందే?"

లోవలక్ష్మి సూరమ్మ గీరిన చోట కొంగుతో తుడిచింది. సూరమ్మ చోట తను నిలబడి ఉంటే సరిగ్గా ఆ మాటే అనేది.