వణికే లైటు

తను చేసిన వస్తువులో తప్పుందంటే యిర్మియాకు సుతరామూ గిట్టదు. ముప్పై ఏళ్లు దీవుల మధ్య తిరిగే ఫెర్రీ పడవల ఇంజన్లతో వేగిన మనిషి మరి. జ్వరమొచ్చి భార్య పుష్పవతికి వినికిడి పోయాక, షాదీపూర్ ఇంట్లో గుమ్మం దగ్గర బటన్, వంటింట్లో ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, బటన్ నొక్కితే వెలిగేలా దానికో లైటు బిగించాడు. ఎవరొచ్చినా చెవికి తెలియదు కాబట్టి ఆమె ఎప్పుడూ లోపల గడియ పెట్టుకునే ఉంటుంది.

వారం బాగానే సాగింది. తర్వాత ఫ్రిజ్ మోటారు ఆన్ అయినప్పుడల్లా, ఎవరూ నొక్కకుండానే లైటు వణుకుతూ వెలగడం మొదలైంది. పుష్పవతి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చి తలుపు తీసేది. గుమ్మంలో ఎవరూ ఉండేవారు కారు. కరెంటే బాగోలేదని యిర్మియా తీర్మానించాడు. దీవుల్లో ఏది చెడినా పవర్‌హౌసు మీదకు నెట్టెయ్యడం మనకు అలవాటే. స్టెబిలైజర్ కొన్నాడు, బోర్డుకు కరెంటిచ్చే ఫోన్ ఛార్జర్ మార్చాడు. వణుకు తగ్గలేదు.

శనివారం వానలో తడిసి వచ్చి అరగంట బటన్ నొక్కాడు. తలుపు తెరుచుకోలేదు. పెరటివైపు వెళ్లి కిటికీలోంచి చూస్తే పుష్పవతి చేపలు కోసుకుంటోంది. వణుకుతున్న లైటు వంక కన్నెత్తయినా చూడలేదు. ఆమె దాన్ని నమ్మడం మానేసింది. అతనికి కోపం రాలేదు, భయం వేసింది. రేపు తను గుమ్మంలో పడిపోయినా ఆమెకు తెలియదు.

ఆదివారం ఆరాధన నుంచి రాగానే వోల్టులు కొలిచే మీటరు పట్టుకుని కూర్చున్నాడు. ఛార్జర్ దగ్గర ఐదు వోల్టులు. వంటింట్లో బోర్డు దగ్గర నాలుగుంపావు. మిగతాది మధ్యలో వైరే తినేస్తోంది. పొదుపని పాత క్రిస్మస్ స్టార్ నుంచి విప్పి, తనే లాగిన సన్న వైరు. ఫ్రిజ్ కాస్త లాక్కోగానే కరెంటు చాలక బోర్డు ఆగి మళ్లీ మొదలయ్యేది. మొదలైనప్పుడల్లా లైటు వెలిగేది. పవర్‌హౌసుకు మనసులోనే క్షమాపణ చెప్పుకుని లావు వైరు లాగాడు, బోర్డు పక్కన కాస్త కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్ ఒకటి అతికించాడు. మీటరు ఐదు దగ్గర నిలబడింది.

ఇక ఆమె నమ్మాలి. కొట్టుకు వెళ్లొస్తానని సైగ చేసి బయటికి నడిచాడు. వెనకాల గడియ పడింది. కాసేపాగి బటన్ నొక్కాడు. ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కాడు. మూడోసారీ నొక్కాడు.

గడియ తీసిన చప్పుడైంది. పుష్పవతి కళ్లు తడిగా ఉన్నాయి.

"మొదట నొక్కినప్పుడే తెలిసింది మీరేనని" అంది. "ఇన్నాల్టికి బిల్కుల్ వొణక్కండా ఎలిగింది. అలా సూస్తా నిలబడిపోనాను. ఇంకోపాలి నొక్కండి."

మళ్లీ తలుపు వేసుకుని లోపలికి వెళ్లింది. ఆమె వంటింట్లోకి చేరేంతసేపు ఆగి, యిర్మియా బటన్ నొక్కాడు.