సాకకు కల్లు

బోనాల ఆదివారం పొద్దున్నే, ఉప్పుగూడ ఇంటి వాకిట్లో అమల ఇత్తడి బిందె తోముతోంది. చింతపండు రుద్దేకొద్దీ బిందె మెరుస్తోంది. అందులో తన ముఖం కనబడితే అదెవరిదో అన్నట్టు చూసి, బోర్లించింది. దవాఖాన మందులు మొదలైనప్పటినుంచి ఏడుపూ రాదు, కోపమూ రాదు.

తోమడం అమల వంతు. బోనం ఎత్తుకోవడం ఆడబిడ్డ వంతని అత్త నాగమణమ్మ నిన్ననే తేల్చేసింది. తాగినదాని తలమీద అమ్మవారి బోనం పెట్టరట. కూతురు ఆశ్రితకు జడ కూడా వేయనివ్వడం లేదు. ఆ వణికే చేతులతో పిల్ల తల ముట్టొద్దంటుంది. భర్త శ్రవణ్ అప్పటికే తాగి మంచం మీద కూర్చున్నాడు. పండుగనాడు మగవాడు తాగడా అన్నారు, అంతే.

"అమలా, అమ్మోరి ముందు సాక పొయ్యాలె. కల్లు తేపో. దుకాణం నీకెర్కే గద," అంటూ నాగమణమ్మ చెంబు చేతికిచ్చింది. శ్రవణ్ నవ్వాడు.

ఆశ్రిత పుట్టినప్పుడు మొదటి కల్లు గ్లాసు అందించిందీ ఈ అత్త చెయ్యే. తాగు బిడ్డా, పాలు పడతయి, నిద్ర పడతది అంది. నిజంగానే నిద్ర పట్టింది. తర్వాత తర్వాత అది లేకపోతే చెమటలు, వణుకు. ఆ కల్లులో మత్తుమందు కలుపుతారనీ, ఇది జబ్బేననీ డాక్టరమ్మ చెప్పేదాకా, అందరిలాగే అమల కూడా తను తల్లిగా పనికిరాననుకుంది.

చెంబుతో గడప దాటింది. ఆశ్రిత వెంట వచ్చింది. పక్కింటి మహబూబ్ బీ అమలను చూసి, ఊడుస్తున్న చీపురు ఆపింది.

"మస్తు దినాలాయె బేటీ, యాడికి పోయినవ్?"

"అమ్మమ్మ ఊరికి," ఆశ్రిత గబుక్కున అంది. నానమ్మ నేర్పిన మాట. అనేసి తల వంచుకుంది.

ఆ వంగిన మెడను అమల కాసేపు చూసింది.

"ఊరికి గాదు ఖాలా. దవాఖానల ఉన్న. కల్లు ఇడిశిపెట్టనీకి."

మహబూబ్ బీ చీపురు గోడకానించింది. "మంచిగైనవా మరి?"

"ఐతున్న."

అమల వెనక్కి వచ్చి చెంబు శ్రవణ్ ముందు పెట్టింది.

"దుకాణం నీకు గూడ ఎర్కే. నువ్వే తే. నేను ఆ గల్లీకి పోను."

దువ్వెన తీసుకుని అరుగు మీద కూర్చుంది. ఆశ్రిత వచ్చి ముందు కూర్చుంది. చెయ్యి వణికింది. పాపిట వంకరపోయింది. నాగమణమ్మ వచ్చి దువ్వెన కోసం చెయ్యి చాచింది.

"ఉండనియ్ నానమ్మా," అంది ఆశ్రిత, తల కదపకుండా.