గుహ దాచుకున్న హాజరు

ఆ వేసవంతా ఎలీషా భవానీపురంలో బైకు తీసేముందు ఓసారి ఇబ్రహీంపట్నం వైపు ఆకాశం చూసేవాడు. అటు కనిపించేది థర్మల్ స్టేషన్ పొగే. అది పొగేగానీ మబ్బు కాదని నమ్మకం కుదిరాక హెల్మెట్ పెట్టుకుని గన్నవరంలోని ఆఫీసుకు పోయేవాడు. ఊరంతా వానకోసం మొహం వాచి ఉంటే, వాన పడకూడదని కోరుకున్నవాడు బెజవాడ మొత్తానికి ఇతనొక్కడే అయ్యుంటాడు.

భయం వాన గురించి కాదు, గుహ గురించి. ఇబ్రహీంపట్నం అవతల కొండమీద గుహ ఒకటుంది. లోపల ఎవరే మాట అన్నా దాన్ని దాచుకుని, తొలకరి పడగానే బయటికి వదులుతుంది. నిరుడు తప్పిపోయిన మేకను పిలిచిన కేక ఈ ఏడు వానలో వినిపిస్తుంది. చుట్టుపక్కల రైతులు "గుహ ఇంకా పలకలేదు, నారు పోయడానికి తొందరేముంది" అనుకుంటారు, అంతే.

పోయిన కార్తీకంలో కాలేజీ స్నేహితులంతా రెండు కార్లలో ఆ గుహకు వెళ్లారు. లోపల మోకాల్లోతు బురద. పాకుతూ, జారుతూ, ఒకరిమీద ఒకరు పడి నవ్వుకుంటూ, కాసేపట్లోనే ఎవరెవరో గుర్తుపట్టలేనట్టు తయారయ్యారు. గుహలోంచి బయటికొచ్చేముందు పెద్దరికం సాయిగణేష్ తీసుకున్నాడు. పాత లెక్చరర్ గొంతు పెట్టి హాజరు పిలిచాడు. "లక్ష్మీకాంత్!" అంటే ఎవరూ పలకలేదు.

ఇంజినీరింగు చదివినన్నాళ్లూ ఆలస్యంగా లేచే లక్ష్మీకాంత్‌కి ప్రాక్సీ ఎలీషాయే. అచ్చం వాడి గొంతే దింపేసేవాడు. ఆ అలవాటు కొద్దీ, ఇంటి దగ్గర బిర్యానీ చల్లారిపోతోందన్న తొందర కొద్దీ, "ప్రెజెంట్ సార్" అనేశాడు. వాడు వెనకాలే వస్తున్నాడులే అనుకున్నాడు.

ముందు కారువాళ్లు లక్ష్మీకాంత్ వెనక కారులో ఉన్నాడనుకున్నారు, వెనక కారువాళ్లు ముందు కారులో ఉన్నాడనుకున్నారు. అందరూ బురద బొమ్మలైనప్పుడు ఒక బొమ్మ తగ్గితే ఎవరికి తెలుస్తుంది? భవానీపురం వచ్చి కుళాయి దగ్గర మొహాలు కడుక్కున్నాక తెలిసింది. వెనక్కి ఉరికి చూస్తే లక్ష్మీకాంత్ మోకాలు విరిగి, నడుందాకా బురదలో కూరుకుపోయి ఉన్నాడు. అప్పట్నుంచి చేతికర్ర లేకుండా నడవలేడు.

తప్పంతా సాయిగణేష్ మీద పడింది. లక్ష్మీకాంత్ చెల్లెలు సాయిశ్రీకి, అతనికి అప్పటికే తాంబూలాలు కూడా పుచ్చుకున్నారు. "కాబోయే బావమరిదినే గుహలో వదిలేసి వచ్చినవాడు రేపు నా కూతుర్ని ఎక్కడ వదిలేస్తాడో!" అని తండ్రి తిరుపతిరావుగారు సంబంధం వద్దన్నారు. "వాడు పలికాడండీ, నా చెవులతో విన్నాను" అని సాయిగణేష్ ఎంత మొత్తుకున్నా వినిపించుకోలేదు. లక్ష్మీకాంత్‌ని అడిగితే తనకేం గుర్తులేదన్నాడు.

ఎలీషా మాత్రం నోరు విప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఎండాకాలం వచ్చేసింది. చర్చిలో ప్రభువు బల్ల రొట్టె పళ్లెం తన దగ్గరికొస్తే, తప్పు దాచుకున్నవాడు తినకూడదని, ముట్టుకోకుండా పక్కవాడికి అందించేవాడు. తల్లి మార్త చూసేది, ఎందుకని అడిగేది కాదు. అడిగినా బాగుండేదనిపించేది అతనికి.

చివరికి జూన్‌లో తొలకరి పడింది. "గుహే చెబుతుంది, వచ్చి వినండి" అని సాయిగణేష్ కబురు పెట్టాడు. తిరుపతిరావుగారు గొడుగేసుకుని కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. లక్ష్మీకాంత్‌ని ఎలీషా రెక్క పట్టుకుని కొండెక్కించాడు.

ముందు మేకలవాళ్ల కేకలొచ్చాయి. తర్వాత వీళ్ల నవ్వులు, ఆ తర్వాత సాయిగణేష్ లెక్చరర్ గొంతు.

"లక్ష్మీకాంత్!"

"ప్రెజెంట్ సార్!"

వెంటనే ఎక్కడో గుహ లోపల్నుంచి లక్ష్మీకాంత్ ఆనాడు పకపకా నవ్విన నవ్వు వినిపించింది. ఆ నవ్వు ఆ రోజు ఎలీషా చెవిన పడలేదు. ఆ వెనక "ఒరేయ్, ఆగండ్రా" అనే కేక వచ్చింది. సరదాగా మొదలై, పోనుపోను ఏడుపైపోయింది.

తిరుపతిరావుగారు కొడుకువైపు తిరిగారు. "పలికింది గాక పైగా నవ్వా? నీ వేళాకోళానికి చెల్లెలి పెళ్లి చెడగొట్టావు కదరా!" సాయిగణేష్ చేతులు పట్టుకుని, "తప్పయిపోయింది బాబూ, శ్రావణంలో ముహూర్తం పెట్టిస్తాను" అన్నారు. మళ్లీ కొడుకుతో, "పెళ్లిలో పేలాలు నువ్వు పోయక్కర్లేదు. మా అన్నయ్య కొడుకు పోస్తాడు" అన్నారు. సొంత అన్న ఉండగా పెళ్లికూతురి దోసిట్లో ఇంకొకరు పేలాలు పోశారంటే, ఆ అన్న ఇంట్లో లేనట్టే లెక్క.

"అవును నాన్నా, నేనే పలికాను" అన్నాడు లక్ష్మీకాంత్.

కొండ దిగుతూ ఎలీషా మెల్లిగా అడిగాడు. "ఆ రోజు విన్నావా?"

"విన్నా. నా బదులు నువ్వు పలికేసరికి నవ్వాగలేదురా. ఆపుకునేసరికి మీరెవ్వరూ లేరు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నాన్న నిన్ను గడప తొక్కనిస్తాడా? చెల్లికి ఇంకో సంబంధం దొరుకుతుందిలే అనుకున్నా. అది ఇన్నాళ్లు ఏడుస్తుందని నాకేం తెలుసు? ఆ పాపం నాదే. నోరు మూసుకుని దించు."

ఎలీషా సిగ్గుతో చచ్చిపోయాడు. అందరి దృష్టిలో తాను ఏ తప్పూ చేయనివాడు, ఇక నోరు మూసుకుంటే చాలు. అదే భరించలేకపోయాడు. లక్ష్మీకాంత్‌ని కారులో కూర్చోబెట్టి తిరుపతిరావుగారి దగ్గరికి వెళ్లాడు.

"అంకుల్, ఆ ప్రెజెంట్ మీవాడిది కాదండీ. నాది."

ఆయన నమ్మలేదు. ఎలీషా వానలో నిలబడి "ప్రెజెంట్ సార్" అన్నాడు, అచ్చం ఆయన కొడుకు గొంతుతో. సాయిశ్రీ చేత్తో నోరు మూసుకుంది. ఆయన అరవకుండా, "ఇంక మా ఇంటికి రావద్దు బాబూ" అన్నారు.

శ్రావణంలో పెళ్లి. ఎలీషాకు శుభలేఖ రాలేదు. కల్యాణమండపానికి రోడ్డవతల బైకు మీద కూర్చున్నాడు. మైకులో పురోహితుడు "పేలాలు పోయాలి. పెళ్లికూతురి అన్నగారు లక్ష్మీకాంత్‌గారు ఎక్కడున్నారండీ?" అని పిలిచాడు. లోపల్నుంచి జవాబు రాలేదు. ఎలీషా గొంతుదాకా మాట వచ్చింది. పళ్లు బిగపట్టి కూర్చున్నాడు.

"వస్తున్నానండీ, కాస్త ఆగండి" అని మైకులోంచి లక్ష్మీకాంత్ గొంతు, దాంతోపాటు చేతికర్ర చప్పుడు వినిపించాయి.

సన్నాయి అందుకున్నాక ఎలీషా బైకు స్టార్ట్ చేసి ఇంటికి వెళ్లిపోయాడు.