ఎన్నో తిప్పుకు మోగింది

నేను ఒక లెక్కల యంత్రాన్ని. 1971 ఆగస్టులో ఒక సోమవారం ఉదయం, తీరంలోని ఒక విశ్వవిద్యాలయం గణితశాఖలో, ఇప్పిలి సుభద్ర ఒక అంకె తప్పు చదివింది. గుడిమెళ్ళ వరదాచార్యులుగారు సరిపోయిందన్నారు. అక్కడే కూర్చున్న శాఖాధిపతి భూపతిరాజుగారు లేచి వెళ్ళిపోయారు. ఆ గదిలో నా మీద జరిగిన చివరి లెక్క అదే.

నాకు కరెంటు అక్కర్లేదు. ముందు మీటలు, పక్కన ఒక పిడి. మీటలతో అంకెలు పెట్టి పిడిని ముందుకు తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత. జవాబు కింది కిటికీల్లో కనిపిస్తుంది. ఉన్నదానికంటే ఎక్కువ తీసివేస్తే లోపల గంట మోగుతుంది. నాకు వచ్చిన మాట అదొక్కటే.

స్వీడన్‌లో తయారై ఓడలో మద్రాసు వచ్చాను. మొదట ఒక బీమా కంపెనీలో ఉన్నాను. ఎవరు ఏ వయసులో పోతారో అక్కడ నా మీద లెక్కగట్టేవారు. లెక్కగట్టిన గుమాస్తా తన లెక్కకంటే ముందే పోయాడు. తర్వాత కంపెనీ సామాను వేలం వేసింది. విశ్వవిద్యాలయం ఒక బీరువానీ రెండు గోడగడియారాలనీ కొని, నన్ను కూడా తెచ్చుకుంది. గడియారాలకు వెంటనే చోటు దొరికింది. నేను బీరువాలో ఉండిపోయాను.

నన్ను బయటికి తీసింది వరదాచార్యులుగారు. ఆయనది సంఖ్యా విశ్లేషణ. తిన్నగా జవాబు రాని సమీకరణాలకు దగ్గరి జవాబు తెచ్చి, అది అసలు జవాబుకు ఎంత దూరంలో ఆగిందో చెప్పడం ఆయన పని. దశాంశం చివర మనం కత్తిరించే ముక్క తర్వాతి మెట్లలో ఎంత పెరుగుతుందన్నది ఆయన పరిశోధన. ఆ వ్యాసం విదేశీ పత్రికలో అచ్చయినప్పుడు ఆయన పేరులో రెండక్షరాలు తప్పు పడ్డాయి. "రెండేగా, తప్పు మన హద్దు లోపలే ఉంది" అని ఊరుకున్నారు.

తర్వాత ఆయన చేపట్టినవి పోటు పట్టికలు. నది సముద్రంలో కలిసేచోట నీళ్ళు ఎప్పుడు ఎంత ఎత్తుకు లేస్తాయో చెప్పేవి. ఆయనకు సాయంగా సుభద్ర వచ్చింది. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ఏటేటా శాఖాధిపతి సంతకం పెడితేనే నిలుస్తుంది.

వాళ్ళ పనికి ఒక కట్టుబాటు ఉండేది. ఒకే లెక్క ఇద్దరూ విడివిడిగా, రెండు యంత్రాల మీద చెయ్యాలి. ఆమె తన జవాబు పైకి చదవాలి. ఆయన తన జవాబు చెప్పకూడదు. "సరిపోయింది" అనాలి, లేదా "మళ్ళీ" అనాలి.

"ఎక్కడ తప్పిందో చెప్పొచ్చు కదా మాస్టారూ?"

"చెబితే నువ్వు జవాబు దిద్దుతావు. లెక్క దిద్దవు."

"మీతో కాపరం ఎలా చేస్తున్నారో ఆండాళమ్మగారు!"

"ఆవిడ నాతో ఎప్పుడూ మళ్ళీ అనే అంటుంది."

చక్కెర జబ్బు ఆయన చూపు తీసింది. శాఖలో ఎవరికీ చెప్పలేదు. పట్టికలు మూడొంతులు అయ్యాయి. మిగిలినది పూర్తి చెయ్యడానికి ఆయనకు ఉద్యోగంలో రెండేళ్ళ పొడిగింపు కావాలి. కళ్ళు లేవంటే పొడిగింపు లేదు. అందుకని ఆమె కంటే ముందే వచ్చి నా మీద చెవితో పని చెయ్యడం మొదలుపెట్టారు. మీటలు వేళ్ళకు తెలుస్తాయి. కిటికీలో అంకె ఎంతో తెలియాలంటే గంట మోగేదాకా ఒక్కొక్కటిగా తీసివేసేవారు. ఎన్ని తిప్పులకు మోగిందో లెక్కపెట్టుకుని తిరిగి కలిపేసేవారు.

ఆమె జవాబు సరిచూడడానికీ గంటే. ఆమె చదివిన సంఖ్యను నాలోంచి ఒకసారి తీసివేసేవారు. రెండూ ఒకటే అయితే సున్నా మిగులుతుంది, గంట మోగదు. తర్వాత చివరి మీట ఒకటి మీద పెట్టి ఇంకోసారి వెనక్కి తిప్పేవారు. అప్పుడు మోగాలి. రెండో తిప్పుకు మోగితే సరి. మొదటి తిప్పుకే మోగితే ఆమెది ఎక్కువ. రెండుసార్లూ మోగకపోతే తక్కువ. ఎదుటి బల్ల దగ్గర ఆమె, ఆయన తన యంత్రాన్ని సున్నాకు తెచ్చుకుంటున్నారని అనుకునేది.

ఆ సోమవారం భూపతిరాజుగారు గదిలోకి వచ్చేసరికి ఆచార్యులుగారు చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు.

"ఆయనకి కనబడట్లేదమ్మా. మొన్న నాకు నమస్కారం పెట్టబోయి స్తంభానికి పెట్టారు. ఆ పొడిగింపు కాగితం మీద నేనెలా సంతకం పెట్టను?"

"కనబడుతుందండీ. మీ ఎదురుగానే చివరి అంకె తప్పు చదువుతాను. మాస్టారు పట్టుకుంటారు. పట్టుకుంటే సంతకం పెడతారా?"

"పెడతాను. పట్టుకోకపోతే?"

అంతలో ఆచార్యులుగారు తడి చేతులు పంచెకు తుడుచుకుంటూ వచ్చారు.

"రాజుగారు వచ్చినట్టున్నారే. కూర్చోండి. చదవమ్మా."

"నాలుగు దశాంశం మూడు ఎనిమిది ఆరు ఒకటి ఎనిమిది."

నా కిటికీల్లో చివర ఉన్నది ఏడు. ఆయన మీటలు పెట్టి పిడిని వెనక్కి తిప్పారు. మొదటి తిప్పుకే గంట మోగింది. ఆయన చెయ్యి పిడి మీదే ఆగింది. రెండోసారి తిప్పలేదు.

"సరిపోయిందమ్మా" అన్నారు.

పొడిగింపు రాలేదు. వీడ్కోలు సభలో శాలువాతో పాటు నన్నూ ఇచ్చారు. అప్పటికే నన్ను పాత సామాను కింద లెక్కల్లోంచి కొట్టేశారు. పట్టికలు అచ్చు కాలేదు. ఆ గదిలో కంప్యూటర్ పెట్టారు. దాని దగ్గర సుభద్రకు ఉద్యోగం ఖాయమైంది.

ఆచార్యులుగారు భీమిలిలో తొమ్మిదేళ్ళు బతికారు. ఆయన ఉండగా సుభద్ర ఆ ఇంటికి రాలేదు. పోయిన పన్నెండో రోజున వచ్చింది. ఆండాళమ్మగారు ఆమెను నా ముందు కూర్చోబెట్టారు.

"ఇన్నాళ్ళకి దారి కనబడిందిటే తల్లీ? నిన్ను తలచుకోని రోజు లేదు. ఆ పిల్ల ఉద్యోగం నిలబడింది, అంతే చాలు అనేవారు."

"నా ఉద్యోగమా?"

"ఆ రాజుగారి ముందు అంకె తప్పు చదివావుట కదా. మీ అమ్మ పోయి అప్పటికి నెలేనాయె. ఆ పిల్ల మనసు ఎక్కడుందో, మళ్ళీ అన్నానంటే రాజుగారు అక్కడికక్కడే ఉద్యోగంలోంచి తీసేస్తారు, అందుకని సరిపోయిందన్నానే, అని ఇంటికొచ్చి చెప్పారు. మర్నాడు నెమ్మదిగా దిద్దిద్దామనుకున్నారు. వెళ్ళేసరికి గదికి తాళం."

"తప్పని మాస్టారికి తెలుసా? కనబడదు కదమ్మా ఆయనకి."

"కళ్ళు పోతే చెవులు లేవుటే? మొదటి తిప్పుకే మోగిందే ఆండాళూ, అన్నారు." గంట సంగతి ఆవిడ మొత్తం చెప్పారు.

సుభద్ర నన్ను దగ్గరికి జరుపుకుంది. కిటికీల్లోకి నాలుగు మూడు ఎనిమిది ఆరు ఒకటి ఏడు తెచ్చింది. మీటల మీద చివరి ఏడును ఎనిమిది చేసింది. పిడిని ఒకసారి వెనక్కి తిప్పింది.

గంట మోగింది.