తీసేసిన అట్ట

పర్వీన్‌కు చదువు ఎంత ఉందో, ఆ చదువును ఇంపుగా చెప్పే నేర్పూ అంతే ఉంది. ఆ నేర్పే తల్లి కన్ను తీసింది. ఇంత మాట అనడం అన్యాయమని మీరనొచ్చు. 2004 నవంబరులో, ధర్మవరం నుంచి బెంగళూరు పోయే బస్సులో కూర్చున్న పర్వీన్ మాత్రం అలాగే అనుకుంటోంది.

పక్క సీట్లో తల్లి హజరాబీ. పట్టుచీరల అంచులకు కుచ్చులు కట్టి బతికే మనిషి. మొన్న పొద్దున లేచేసరికి ఎడమకన్ను చీకటైపోయింది. ఆ చూపు ఇక రాదని ఊళ్ళో డాక్టరు చెప్పేశాడు. కుడికన్నయినా దక్కాలంటే ఈరోజే బెంగళూరులో ఇంజెక్షన్లు మొదలుపెట్టాలన్నాడు.

జబ్బు కంటిది కాదు, రక్తనాళాలది. పోయిన ఏడాది కణతల్లో నొప్పి, నమిలితే దవడ నొప్పి వస్తుంటే పరీక్షలు చేశారు. తలకూ కళ్ళకూ రక్తం తీసుకుపోయే నాళాల గోడలు వాచాయని తేలింది. స్టెరాయిడ్ మాత్రలిచ్చారు. పర్వీన్ బెంగళూరులో పరిశోధన చేసేది సరిగ్గా ఈ వాపు మీదే. వేసవిలో ఇంటికొచ్చినప్పుడు తల్లిని పక్కింటి గంగాధరప్ప మగ్గం దగ్గరికి తీసుకుపోయి, పైన పువ్వులు నేయించే జకార్డు యంత్రానికి వేలాడే చిల్లుల అట్టల దండను చూపించింది. ఏ అట్ట పడితే చీర మీద ఆ పువ్వు. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఇలాంటి దండే ఉంటుందనీ, ఏ అట్ట ఎప్పుడు పడాలో చెప్పే ప్రోటీన్లను ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లంటారనీ, వాటిలో ఒకటి అదుపు తప్పి వాపు అట్టనే పదే పదే పిలుస్తోందనీ చెప్పింది.

"మరి మాత్ర ఏం చేస్తాదే?" అనడిగింది హజరాబీ.

"ఆ అట్టను తీసేస్తాదమ్మీ."

తీసెయ్యదు. అది పర్వీన్‌కు బాగా తెలుసు. మాత్ర లోపలికి పోయి, ఆ పిలిచేదాని చెయ్యి పట్టుకుని ఆపుతుంది, అంతే. అట్ట ఉన్నచోటే ఉంటుంది. పట్టు వదిలితే మళ్ళీ పడుతుంది. కానీ తల్లి ముఖం వెలిగిపోతుంటే ఆ నాలుగు మాటలు కలపడానికి నోరు రాలేదు. హజరాబీ ఆ సంగతి వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. నొప్పులు పోయాయి. రంజాన్ నెల వచ్చింది. తీసేసిన అట్టకు మాత్రలెందుకని, మొదటి ఒక్కపొద్దు నాడే డబ్బాను అటక మీద పెట్టేసింది. కూతురు ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నానంది. అబద్ధమూ కాదు, అప్పటికి బాగానే ఉంది.

పెనుకొండలో బస్సు ఆగినప్పుడు పర్వీన్ బన్ను, నీళ్ళు కొనుక్కొచ్చింది. దారిలో వెయ్యమని డాక్టరిచ్చిన మాత్రలు తీసింది. జబ్బు మనిషికి ఒక్కపొద్దు తప్పదని ఎవరూ అనరని చెప్పింది. హజరాబీ చెయ్యి చాపలేదు.

"నేను తప్పు చెప్పినానమ్మీ. అట్ట పోలేదు. ఆడనే ఉండాది," అంది పర్వీన్.

పర్వీన్ కూర్చున్నది ఎడమవైపు. కూతుర్ని చూడడానికి హజరాబీ తలంతా తిప్పాల్సి వచ్చింది.

"ఈ కన్నయినా ఉంటాదా?"

ఇంపైన మాట కోసం పర్వీన్ మనసు అలవాటుగా వెతికింది. సిగ్గేసింది.

"తెలీదమ్మీ."

హజరాబీ మాత్రలు తీసుకుంది. ఒక్కొక్కటే వేసుకుని నీళ్ళు తాగింది. బస్సు కదిలి, సోమందేపల్లి దాటింది.

"ఈ మాట అప్పుడే చెప్పింటే," అంది హజరాబీ, "భయానికైనా మింగేదాన్ని గదనే."